ఉత్త నీళ్ల పళ్లెం



ఛందస్సును గురించి మొదలుపెట్టిన వరుస సగంలో నిలిచిపోయిందని ముగ్గురు నలుగురు మిత్రులు ఉత్తరాలు వ్రాశారు. జవాబు ఇవ్వలేకపోయాను. కారణం చెబితే నవ్వుతారు. గడచిన నాలుగు నెలలుగా నేను పద్యపాదాలలో గణాలను మాని, పళ్లాలలో రాగిమొలకలను లెక్కపెడుతూ కూర్చున్నాను. ముప్పై ఏండ్లకు పైగా తెలుగు పండితుడిగా పనిచేసినవాడికి ఈ వయస్సులో ఇదేమి వ్యాపకమని మా ఇంటావిడ కూడా అడిగింది. ఆమెకు చెప్పిన సమాధానమే ఇక్కడ కొంచెం విస్తరించి వ్రాస్తున్నాను. చివరివరకు ఓపికగా చదవమని మనవి.

ముందుగా మూడు ఊళ్ల ముచ్చట. నేను పుట్టింది పుంగనూరు దగ్గరి పల్లెలో. ఉద్యోగంలో ఎక్కువ కాలం కుప్పం పరిసరాలలో గడిచింది. విరమణ తరువాత మదనపల్లెలో స్థిరపడ్డాను. మూడూ పాత చిత్తూరు జిల్లా పడమటి సీమలోనివే. సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైబడిన మిట్ట ప్రాంతం. పెద్ద నదులు లేవు. చెరువులు నిండితే వరి, బోరు పలికితే టమోటా, మల్బరీ. లేకుంటే ఆకాశం వంక చూస్తూ విత్తుకునే రాగి, వేరుశెనగ, కంది, అనప, ఉలవ. మాకు రాగిసంగటి పండుగ వంట కాదు, ప్రతిదినం తినే అన్నం. కనుక రాగి మొలవలేదంటే అది చిన్న విషయంగా ఎవరూ వినరు.

మా పల్లెలో ఎకరన్నర మెట్టచేను మా నాయన భాగంగా మాకు వచ్చింది. తమ్ముడు దానిని చూసుకుంటున్నాడు. వాడికి మోకాలి జబ్బు చేసి మూడేండ్లు ఆ చేను బీడుపడింది. బీడుపడిన నేలను మా సీమలో మొదట ఆక్రమించేది వయ్యారిభామ. రొమ్ముల ఎత్తు పెరిగి, తెల్లని పూలతో, దూరంనుంచి చూస్తే ఎవరో మల్లెలు పరచినట్టుంటుంది. నిరుడు వానకాలం మొదట్లో తమ్ముడు ట్రాక్టరు తెప్పించి, పూత మీద ఉన్న ఆ మొక్కలన్నింటినీ రోటవేటరుతో నుగ్గుచేసి నేలలో కలిపించాడు. పచ్చిరొట్ట ఎరువు అవుతుందని వాడి ఆశ. పది దినాలకు మంచి వాన పడింది. వెంటనే రాగులు చల్లాడు.

ఆ చేను ఒక అంచున పావు ఎకరం తునక ఉంది. అది బీడుపడలేదు, ముందటి సంవత్సరం పక్కింటివారు అందులో ఉలవలు వేసుకున్నారు. అదే దినం, అవే రాగులు, ఆ తునకలోనూ చల్లాడు. వారం తిరిగేసరికి తునకలో పచ్చని తివాసీ పరచినట్టు మొలక వచ్చింది. మిగతా చేనులో మాత్రం తల వెండ్రుకలు రాలినవాడి నెత్తిలాగా అక్కడొక కుచ్చు, ఇక్కడొక కుచ్చు.

తమ్ముడు ఫోను చేశాడు.

"అన్నా, విత్తనం మోసం. ఆ అంగడాయన చెత్త గింజలు కట్టబెట్టినాడు. నువ్వు ఒకతూరి వచ్చి నలుగురిలో అడగాల. నీ మాటంటే వానికి భయముంది."

భయం ఎందుకంటే, ఆ విత్తనాల అంగడి నడిపే అబ్బాయి నా శిష్యుడు. ఉద్యోగం చివరి సంవత్సరాలలో నేను పుంగనూరు పక్కన పనిచేసినప్పుడు పదవ తరగతి నా దగ్గర చదివాడు. నేను వెళ్లాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను: ఏ విచారణా లేకుండానే నేను తమ్ముడి పక్షాన మాట్లాడాను. "చదువుకున్న దానికి ఇదా ఫలితం?" అన్నాను, నలుగురి ముందర. ఆ అబ్బాయి తల వంచుకుని ఒకే మాట అన్నాడు: "సార్, అదే మూటలోంచి ఇంకా చానామందికి ఇచ్చినాను. వాళ్లకంతా మొలిచింది." నేను దానిని సాకుగా కొట్టిపారేశాను. డబ్బు వాపసు ఇస్తానని ఒప్పుకుని అతడు వెళ్లిపోయాడు. ఒప్పుకున్నాడు కాబట్టి తప్పు చేశాడనే మేమందరం అనుకున్నాం.

మదనపల్లెకు తిరిగి వచ్చి ఈ ఘనకార్యాన్ని మనుమరాలికి చెప్పాను. ఆమె డిగ్రీలో వృక్షశాస్త్రం చదువుతోంది. అంతా విని, "తాతా, ఉత్త నీళ్ల పళ్లెం ఎక్కడ?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు.

"విత్తనం చెడ్డదని చెప్పాలంటే, ముందు ఆ విత్తనాన్ని ఉత్త నీళ్లలో మొలకెత్తించి చూడాలి. అక్కడ మొలిస్తే తప్పు విత్తనానిది కాదు. మీ పంచాయితీలో ఆ పళ్లెమే లేదు కదా," అంది.

మరునాడు తమ్ముడి ఇంట మిగిలిన గుప్పెడు రాగులు తెప్పించాను. చదునైన గాజుపళ్లెంలో వడపోత కాగితం పరచి, నీళ్లతో తడిపి, యాభై గింజలు లెక్కపెట్టి పేర్చాము. మూడవనాటికి తెల్లని వేళ్లు కనిపించాయి. వారానికి యాభైలో నలభై ఆరు మొలిచాయి. ఒకసారి యాదృచ్ఛికం కావచ్చునని మరి రెండుసార్లు చేశాము. దాదాపు అదే లెక్క.

విత్తనం మంచిది. నా శిష్యుడు నిర్దోషి. నేను నలుగురిలో అన్న మాట మాత్రం గాలిలో అట్లాగే ఉంది.

మరి చేనులో ఏమి జరిగింది? ఇక్కడినుంచి మనుమరాలికి కూడా ఉత్సాహం పుట్టింది. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని చేనుగట్టున మిగిలిన వయ్యారిభామను కోసి తెచ్చింది. ఎవరైనా ఈ పరీక్ష చేయదలిస్తే ఆ జాగ్రత్త మరువకూడదు. ఎందుకో తరువాత చెబుతాను. నూరు గ్రాముల పచ్చి ఆకును నలిపి లీటరు నీటిలో ఒక రాత్రి నానబెట్టి, తెల్లవారి గుడ్డతో వడకట్టింది. అది చిక్కని రసం. అందులో సగానికి సగం నీరు కలిపితే రెండవది. పది పాళ్లకు పలుచన చేస్తే మూడవది. పక్కన యథాప్రకారం ఉత్త నీళ్ల పళ్లెం.

పలుచని రసంలో మొలకలకు ఏ లోపమూ కనిపించలేదు. కొన్ని వేళ్లు ఉత్త నీళ్లవాటి కంటె ఒక వెంట్రుకవాసి పొడవుగా కూడా ఉన్నాయి. రెండవ పళ్లెంలో మొలకలు ఆలస్యంగా, తక్కువగా వచ్చాయి. చిక్కని రసంలో యాభైలో పదిహేడు మాత్రమే కళ్లు తెరిచాయి. ఆ పదిహేడింటిని చూస్తే జాలివేసింది. చిన్న ఆకుమొలక పైకి వచ్చింది గాని, కింద వేరు లేదు. వేరు ఉండవలసిన చోట గోధుమరంగు తిరిగిన మొండి కొన. కాళ్లు లేని పసిబిడ్డ నిలబడజూచినట్టు.

తరువాత పుస్తకాలు తిరగవేస్తే, పరిశోధకులు ఇదే తీరును అనేక పంటలలో, అనేక కలుపుమొక్కలతో చూశారని తెలిసింది. రసానికి మొదట తాకేది, ఎక్కువ తాకేది వేరే. కాండం మీద దెబ్బ అంతకంటె తక్కువ. వేరుకొనలో కణాలు విభజన చెందే చోట ఆ పదార్థాలు పనిచేస్తాయి. గింజలోని పిండిని చక్కెరగా మార్చి మొలకకు అందించే అమైలేజు అనే ఎంజైము చురుకుదనాన్ని కూడా కొన్ని తగ్గిస్తాయి. అంటే బిడ్డ కాలును పట్టుకోవడమే కాదు, తల్లి వండి పెట్టే అన్నాన్నీ ఆపడమన్నమాట. వయ్యారిభామలో ఈ పనిచేసే ముఖ్య పదార్థం పేరు పార్థెనిన్. దానికి తోడు కెఫీక్, ఫెరూలిక్, వెనిలిక్ వంటి ఆమ్లాలు. ఇవి ఆకునుంచి వానకు కారతాయి, వేరునుంచి ఊరతాయి, మొక్క కుళ్లేటప్పుడు నేలలో కలుస్తాయి. మా తమ్ముడు చేసింది ఈ మూడవ పని. ఎకరన్నర మొక్కలను ఒకేసారి నుగ్గుచేసి, వాన పడగానే కషాయం కాచి, అందులో రాగులు చల్లాడు.

ఒక మొక్క తన రసాయనాలతో ఇంకొక మొక్కపై ప్రభావం చూపడానికి అల్లెలోపతి అని పేరు. ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు హాన్స్ మోలిష్ 1937లో ఈ మాటను పుట్టించాడు. ఆయన 1928లో కలకత్తాలో జగదీశ చంద్ర బోసు స్థాపించిన సంస్థకు వచ్చి కొంతకాలం పనిచేసినవాడే. గ్రీకులో 'అల్లెలోన్' అంటే పరస్పరం, 'పాథోస్' అంటే అనుభవించే వేదన. ఆయన పరీక్షలలో ప్రధానమైనది పండిన ఆపిల్ పండ్లనుంచి వెలువడే ఎథిలీన్ వాయువు ఇతర మొక్కల మీద చేసే పని. మన తల్లులు పచ్చి మామిడికాయల నడుమ ఒక పండును ఉంచి గడ్డి కప్పడం అదే గదా! పేరు కొత్తది గాని సంగతి పాతది. వాల్‌నట్ చెట్టు నీడ ఇతర మొక్కలకు కీడు చేస్తుందని క్రీస్తుశకం మొదటి శతాబ్దంలోనే రోమను పండితుడు ప్లినీ వ్రాశాడు.

మనకు దగ్గరలోనే జరిగిన పని ఇంకొకటి ఉంది. కుప్పంలో రైలెక్కితే రెండు మూడు గంటలలో చేరే బెంగళూరులో, విశ్వవిద్యాలయ ఆచార్యులు జయచంద్ర, ఆయన శిష్యులు వయ్యారిభామ మీదనే ఈ పరిశోధనలు చేశారు. 1980 ప్రాంతంలో వచ్చిన వారి పత్రాలు దేశాంతరాలలో కూడా చదువుతారు. వాటిలో సుఖద, జయచంద్ర చూపిన ఒక విషయం నన్ను ఆశ్చర్యపరచింది. ఈ మొక్క పుప్పొడి గాలికి ఎగిరి టమోటా, వంకాయ, మిరప, చిక్కుడు వంటి పంటల పూల మీద పడితే అక్కడ కాయ పట్టడం తగ్గుతుంది. మదనపల్లె టమోటా మార్కెట్టు ఎంత పెద్దదో మీకు తెలుసు. అక్కడికి వెళ్లే దారి పొడుగునా రెండు ప్రక్కలా ఈ మొక్కే నిలబడి ఉంటుంది.

ఇక పేరు మీదకు వస్తాను. పండితుడి రోగం తప్పదు. ఎవరు పెట్టారో గాని, వయ్యారిభామ అన్న పేరు ఎంత అందంగా ఉంది! సన్నని చీలికల ఆకులు, గాలికి ఊగే నడుము, నక్షత్రాల వంటి తెల్లపూలు. 'భామిని' అంటే కోపం గల స్త్రీ అని అమరకోశం చెబుతుంది. ఆ లెక్కన పేరు పెట్టిన పల్లెటూరివాడికి మొక్క స్వభావం కూడా తెలుసునేమో! మరొక పేరు కాంగ్రెస్ గడ్డి. 1950ల నడుమ పూణే ప్రాంతంలో దీనిని గుర్తించారు. అమెరికా గోధుమల వెంట వచ్చిందని లోకమంతా చెప్పుకుంటుంది. అయితే అంతకు చాలా ముందే, పందొమ్మిదవ శతాబ్దంలోనే, ఈ దేశపు వృక్షసంగ్రహాలలో దాని జాడలున్నాయని వృక్షశాస్త్రజ్ఞులు అంటారు. కనుక గోధుమల మీద వేసిన నింద కూడా కొంత తొందరపాటేనేమో.

'కలుపు' అన్న మాట కూడా చిత్రమైనది. చేర్చడానికి అదే మాట, పీకి పారవేయవలసిన మొక్కకూ అదే మాట. చిన్ననాట మా అమ్మ రాగిచేనులో కలుపు తీయడానికి వెళితే ఒడినిండా చెంచలాకు, దొగ్గలాకు, పొనగంటాకు తెచ్చేది. ఆ పూట కలుపే మా కూర. గరిక వినాయకుడికి, తుంగముస్తలు వైద్యుడికి, మిగిలినది పశువుకు. ఆ పాత కలుపుకు మనతో ఒక బంధుత్వం ఉండేది. అట్లాగని అవి సాధుజీవులేమీ కావు. గరిక, తుంగల రసాలు కూడా పంటగింజల మొలకను అణచడం పరీక్షలలో కనిపించింది. వయ్యారిభామకు మాత్రం మన ఇంట ఏ వరుసా కలవలేదు. పశువు సామాన్యంగా నోరు పెట్టదు. కరువుకు పెట్టినా పాలు చేదవుతాయి. ఒక్క మొక్క 15,000 నుంచి 25,000 గింజల దాకా రాల్చుతుంది. దీనిని అదుపు చేయడానికి 1984లో మెక్సికోనుంచి తెచ్చిన ఒక పెంకుపురుగును బెంగళూరు దగ్గర విడిచారు. వానకాలంలో అది ఆకును జల్లెడ చేసే మాట నిజం. ఎండలు రాగానే పురుగు నేలలో దాగుతుంది. మొక్క మళ్లీ మొలుస్తుంది.

ఇంతవరకు వ్రాసి, దోషి దొరికిందని చేతులు దులుపుకోవాలనిపించింది. మనుమరాలు ఒప్పుకోలేదు. "తాతా, ఏ ఆకురసమైనా అంత చిక్కగా పోస్తే గింజ నీరు పీల్చుకోలేకపోవచ్చు. వయ్యారిభామ రసంలో విషమే పనిచేసిందో, చిక్కదనమే పనిచేసిందో ఎట్లా తెలుస్తుంది?" అని అడిగింది. మళ్లీ నేను తెల్లమొగం వేశాను. అంతే చిక్కన తోటకూర రసం తీసి మరొక పళ్లెం పెట్టాము. అక్కడ మొలకలు ఒక దినం ఆలస్యమయ్యాయి. చివరికి చాలామట్టుకు మొలిచాయి. కనుక నేరంలో కొంత భాగం చిక్కదనానికి పోతుంది, అధికభాగం వయ్యారిభామకే మిగులుతుంది.

అప్పటికీ పళ్లెం వేరు, చేను వేరు. నేలలో కోటానుకోట్ల సూక్ష్మజీవులున్నాయి. అవి పార్థెనిన్‌ను క్రమంగా విరగగొట్టి పనికిరాకుండా చేస్తాయి. వాన దానిని కిందికి ఈడ్చుకుపోతుంది. అందుచేత చేను మట్టినే అడగాలనుకున్నాము. బీడుపడిన భాగంనుంచి ఒక బుట్ట, ఉలవలు పండిన తునకనుంచి ఒక బుట్ట మట్టి తెప్పించి పాత డబ్బాలలో పోసి రాగులు నాటాము. తునక మట్టిలో బాగా, బీడు మట్టిలో పలుచగా మొలిచాయి. బీడు మట్టిలో సగాన్ని ఒక నెల తడుపుతూ, తిరగవేస్తూ ఉంచి అప్పుడు నాటితే, మొలకలు తునక మట్టికి ఇంచుమించు సాటివచ్చాయి. నేల తనను తానే బాగుచేసుకుంది. దానికి గడువు కావలసివచ్చింది. తమ్ముడు ఇచ్చిన గడువు పది దినాలే.

ఇంకొక సంగతి మా పక్కింటి ముసలి రైతు చెప్పాడు. రాగిగింజ ఆవగింజ కంటె చిన్నది. దానికి నేల గట్టిగా అణగి ఉండాలి, మట్టి గింజను అంటుకోవాలి. చెత్తతో బొరియలు పడిన పొడిపొడి దుక్కిలో గింజ గాలిలో వేలాడి ఎండిపోతుంది. ఆయన మాటను ఏ పళ్లెంలోనూ పెట్టి చూడలేకపోయాను గాని, కొట్టివేయడానికి నాకు అధికారం లేదు. అందుచేత నా తీర్పు ఇది: విత్తనం నిర్దోషి. వయ్యారిభామ ప్రధాన దోషి. తొందర సహదోషి. దుక్కి మీద అనుమానం.

ఇప్పుడు కుప్పం మాట చెప్పాలి. నిజానికి ఈ వ్యాసం దానికోసమే.

2000వ సంవత్సరంలో అనంతపురం జిల్లాలో వేరుశెనగకు కాండాన్ని మాడ్చే వైరస్ తెగులు వచ్చింది. సుమారు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతిన్నది. నష్టం 300 కోట్ల రూపాయలకు పైబడిందని లెక్కకట్టారు. ఆ వైరస్‌ను పైకి ఏ రోగచిహ్నమూ లేకుండా తనలో దాచుకునేది వయ్యారిభామ అని, దాని పుప్పొడితో, తామరపురుగుల సాయంతో అది వేరుశెనగకు చేరుతుందని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ తరువాత మా ప్రాంతంలోనూ ఈ మొక్కను పీకివేయాలన్న మాట బాగా వినిపించింది. అప్పుడు నేను కుప్పం పక్కన ఒక ఉన్నత పాఠశాలలో ఉన్నాను. శ్రమదానం పేరుతో ప్రతి శనివారం మధ్యాహ్నం పిల్లలచేత బడి ఆవరణలో, రోడ్డు ప్రక్కన వయ్యారిభామను పీకించాను. వట్టి చేతులతో. ఆ కార్యక్రమానికి నాయకుడిని నేనే. పేరు మీద ఒక కందపద్యం కూడా చెప్పి పిల్లలను నవ్వించాను.

నాలుగైదు వారాల తరువాత తొమ్మిదవ తరగతి అబ్బాయి ఒకడు శనివారాలు రావడం మానివేశాడు. సోమవారాలు వచ్చేవాడు, మెడ గోక్కుంటూ, కనురెప్పలు ఉబ్బి. అడిగితే "గడ్డి పడలేదు సార్" అన్నాడు. మిగిలిన అరవైమందికి పడిన గడ్డి నీకొక్కడికే పడలేదా అని నేను అడిగాను. "పని దొంగలకు సాకులు కరువా?" అని తరగతిలో అన్నాను. పిల్లలు నవ్వారు. రెండు మూడు వారాలకు వాడు బడికే రావడం మానేశాడు. ఆ సంవత్సరం పరీక్ష తప్పాడు.

పార్థెనిన్ రాగివేరును మాడ్చినట్టే కొందరి చర్మాన్నీ పట్టుకుంటుందని ఇప్పుడు చదివాను. అందరికీ కాదు, పదే పదే తగిలినవారిలో కొందరికి. మొదట కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు. ఒకసారి పట్టిందంటే గాలికి ఎగిరే మొక్కపొడి చాలు, మళ్లీ రేగుతుంది. అరవైమందికి ఏమీ కాకపోవడం వాడికి కాలేదనడానికి సాక్ష్యం కాదు. ఆ చిక్కని రసం పళ్లెంలో గోధుమరంగు తిరిగిన వేళ్లను చూస్తూ కూర్చున్న రాత్రి నాకు ఆ కనురెప్పలు గుర్తుకు వచ్చాయి.

ఆ ఊరి పాత మిత్రులను పట్టుకుని అతడి నంబరు సంపాదించాను. ఇప్పుడు నలభైకి దగ్గరపడిన మనిషి. కుప్పంనుంచి బెంగళూరుకు రైలులో వెళ్లి పనిచేసుకుంటున్నాడు. నేనెవరో చెప్పగానే, "నమస్కారం సార్, బాగుండారా?" అన్నాడు. జరిగినదంతా చెప్పి, తప్పు నాదేనన్నాను. కాసేపు రైలు చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

"మీరు కొట్టి ఉంటే మరిచిపోయి ఉందును సార్," అన్నాడు. "సాకులని అన్నారే, అది మాత్రం గుర్తుంది. ఇంట్లో మా నాయన కూడా మీ మాటే నమ్మినాడు."

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు. వర్షాకాలంలో ఇంకా దురద వస్తుందా అని అడిగాను. వస్తుందన్నాడు. మందు వాడుతున్నానన్నాడు. తరువాత అతడే నన్ను ఓదార్చి, ఆరోగ్యం జాగ్రత్త అని ఫోను పెట్టేశాడు.

మిత్రులారా, ముప్పై ఏండ్లలో ఎంతమంది పిల్లలను 'మొలవని గింజలు' అని నా మనస్సులో లెక్క వ్రాసుకున్నానో ఇప్పుడు తలచుకుంటే భయం వేస్తుంది. ఏ ఒక్కరికీ నేను ఉత్త నీళ్ల పళ్లెం పెట్టి చూడలేదు. ఇంట్లో ఏముందో, ఒంట్లో ఏముందో, ఏ కషాయంలో నానుతూ బడికి వస్తున్నారో అడగలేదు. విద్వాన్ పరీక్షలో నాకు అలంకారశాస్త్రం చెప్పారు గాని ఈ చిన్న ఉపాయం ఎవరూ చెప్పలేదు. డిగ్రీ చదివే పిల్ల చెప్పవలసివచ్చింది.

తరువాతి సంగతులు. పుంగనూరు వెళ్లి, ఏ నలుగురిలో మాట అన్నానో ఆ నలుగురినీ పిలిచి, మూడు పళ్లాలూ ముందుంచి, విత్తనంలో దోషం లేదని చెప్పాను. నా శిష్యుడు "పోనీయండి సార్" అన్నాడు. డబ్బు వాపసు తీసుకోనిచ్చే పని పెట్టుకోలేదు. తమ్ముడే ముందు రోజు రాత్రి వెళ్లి ఇచ్చి వచ్చాడట. క్షమించమన్నాడో లేదో తెలియదు. మా వంశంలో ఆ మాట నోటికి రావడం కష్టం. వాడు చేసిందల్లా సెప్టెంబరు చివర అదే అంగడిలో ఉలవలు కొని అదే చేనులో చల్లడం. అప్పటికి నేలకు రెండు నెలల గడువు దొరికింది. ఉలవ నిండుగా మొలిచింది.

ఈ మొక్కతో వేగే రైతుమిత్రులు ఎవరైనా చదువుతుంటే రెండు మాటలు. పూత రాకముందే తీయండి. పూత వచ్చాక నేలలో కలిపితే గింజలు చల్లినట్టే. కలిపినా వెంటనే విత్తకండి, కుళ్లనివ్వండి. గుంటలో వేసి పేడతో కలిపి బాగా మాగనిస్తే ఎరువుగా పనికివస్తుందని, ఆ మాగడంలో విషం తగ్గుతుందని కలుపు నివారణ మీద పనిచేసే శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. చేతులకు తొడుగులు లేకుండా ముట్టుకోకండి. పిల్లలచేత మాత్రం పీకించకండి.

పళ్లాలన్నీ కడిగి అలమారలో పెట్టేశాము. ఉత్త నీళ్ల పళ్లెం ఒక్కటి నా బల్ల మీదనే ఉంది. దానిలో మొలిచిన రాగులను కుండీలో నాటితే రెండు వెన్నులు వేశాయి. వచ్చే టపాలో సీసపద్యం దగ్గర ఆగిన చోటునుంచి మొదలుపెడతాను.

స్వస్తి.